పరుగూ గురీ

పరుగెత్తి పాలు తాగేకంటె నిలబడి నీళ్లు తాగడం మేలని తెలుగువారి సామెత. నీళ్ల కోసమే పరుగెత్తవలసిన రాయలసీమలో ఈ సామెతకు అర్థం కొంత మారుతుంది. ఇక్కడ పరుగెత్తక గడవదు, నిలబడక నిలవదు. పరుగూ నిలకడా పరస్పర విరోధులని, ఒకదానిని కోరినవాడు రెండవదానిని వదులుకోవలసినదేనని లోకం అనుకొంటుంది. పందెగాని కాలూ, విలుకాని కన్నూ ఒక్క మనిషికి అమరవని నమ్ముతుంది. ఆ నమ్మకాన్ని తలక్రిందులు చేసే క్రీడ ఒకటి ఉన్నది. దాని పేరు బయథ్లాన్. అది మంచుదేశాల ఆట. కర్నూలు, కడప జిల్లాల విద్యార్థులలో చాలామంది దాని పేరే విని ఉండరు. వినకపోవడం తప్పు కాదు. వేసవిలో నల్లరేగడి నెర్రెలిచ్చే నేలమీద మంచు ఆటలతో ఎవరికి పని? అయినప్పటికీ ఆ ఆటలో జీవితం గడిపినవారి చరిత్ర ఈ సీమ బడులకు చెప్పగల మాట ఒకటి ఉన్నది. ఆ మాట క్రీడాకారులకంటె ఉపాధ్యాయులకే ఎక్కువ అవసరం.

ఆట స్వరూపం మొదట తెలుసుకోవాలి. పోటీదారుడు కాళ్లకు స్కీలనే పొడవాటి పలుచని పట్టీలు బిగించుకొని, చేతికర్రలతో నెట్టుకొంటూ, మంచుమీద మిట్టలెక్కి పల్లాలు దిగుతూ కిలోమీటర్ల కొలది సాగిపోతాడు. వీపున మూడున్నర కిలోలకు తగ్గని రైఫిలు ఉంటుంది. పందెపు దూరాన్ని బట్టి దారిలో రెండుసార్లో నాలుగుసార్లో గురిస్థలం ఎదురవుతుంది. అక్కడ ఆగి, 50 మీటర్ల దూరాన వరుసగా ఉన్న అయిదు నల్లని గుండ్రాలను అయిదు తూటాలతో కొట్టాలి. పడుకొని కొట్టేటప్పుడు గుండ్రం అడ్డుకొలత 45 మిల్లీమీటర్లు, అంటే ఒక నిమ్మకాయంత. నిలబడి కొట్టేటప్పుడు 115 మిల్లీమీటర్లు, అంటే కాఫీ కప్పు కింద పెట్టే సాసరంత. గురి తప్పిన ప్రతి తూటాకూ 150 మీటర్ల శిక్షావలయం ఒకటి చుట్టిరావాలి. కొన్ని పందెాలలో వలయానికి బదులు మొత్తం కాలానికి ఒక నిమిషం కలుపుతారు.

చెప్పడానికి ఇంతే. చేయడం వేరు. గురిస్థలానికి చేరే సమయానికి పోటీదారుని గుండె నిమిషానికి 170, 180 సార్లు కొట్టుకొంటూ ఉంటుంది. రొమ్ము కొలిమితిత్తి వలె ఎగసిపడుతుంది. గుండె కొట్టుకొన్న ప్రతిసారీ తుపాకి కొన కదులుతుంది. ఆ కొన వెంట్రుకవాసి కదిలితే 50 మీటర్ల దూరాన తూటా గుండ్రాన్ని దాటిపోతుంది. అందుచేత అతడు దూరం నుండే వేగాన్ని కొంత తగ్గించుకొంటూ వస్తాడు; రెండు మూడు పెద్ద ఊపిరులు తీసి వదలి, ఊపిరికి ఊపిరికి నడుమ ఉండే ఆ చిన్న విరామంలో మీట నొక్కుతాడు. అయిదు తూటాలూ ముగిసీ ముగియగానే తుపాకి వీపున వేసుకొని మరల పరుగు. భారతంలో అర్జునునికి పక్షికన్ను తప్ప మరేమీ కనబడలేదన్న కథ ప్రతి విద్యార్థికీ తెలుసు. కాని అర్జునుడు ఆనాడు ద్రోణుని ఎదుట విశ్రాంతిగా నిలిచి విల్లెత్తినాడు. ఆమడ దూరం పరుగెత్తి వచ్చి, చెమటకారే కన్నులతో విల్లెత్తమని ద్రోణుడు అడగలేదు. ఈ క్రీడ అడిగేది సరిగా అదే.

ఆట పుట్టుక కూడా గమనించదగినది. ఉత్తరదేశాలలో శీతకాలమంతా నేల కనబడదు. వేటకు పోవాలన్నా, సరిహద్దు కాపలా కాయాలన్నా స్కీలే కాళ్లు. నార్వే, స్వీడన్ సరిహద్దు దళాలవారు 1767లోనే ఇటువంటి పందెం జరుపుకొన్నారని చెబుతారు. ఆ సరిహద్దు పహరాయే క్రమంగా సైనిక వ్యాయామమైనది. వ్యాయామం పోటీ అయినది. 1958లో ఆస్ట్రియాలోని సాల్‌ఫెల్డెన్‌లో మొదటి ప్రపంచపోటీలు జరిగినవి. 1960లో కాలిఫోర్నియాలోని స్క్వా వాలీలో ఈ ఆటకు ఒలింపిక్స్‌లో స్థానం దొరికింది. స్త్రీలకు ఆ అవకాశం 1992 దాకా రాలేదు. మొదట పెద్ద తూటాల సైనిక తుపాకులు వాడేవారు, 1978 నుండి.22 కొలత గల చిన్న రైఫిలునే వాడుతున్నారు. ఈ చివరి సంగతిని చదువరులు జ్ఞాపకం ఉంచుకోవాలి. దీనితో ముందు పని ఉన్నది.

1960 నాటి ఆ మొదటి ఒలింపిక్ పందెమే ఈ ఆట ధర్మాన్ని లోకానికి చాటింది. ఇరవై కిలోమీటర్ల ఆ పందెంలో స్వీడన్ దేశీయుడు క్లాస్ లెస్టాండర్ స్వర్ణపతకం గెలిచినాడు. స్కీ వేగం మాత్రమే లెక్కించితే అతనికంటె ముందున్నవారు పదిమందికి మించి ఉన్నారు. కాని అతడు ఇరవై తూటాలకు ఇరవై గురులూ కొట్టినాడు. ఆనాడు అందరికంటె వేగంగా సాగినవాడు ఫ్రాన్స్ దేశపు విక్టర్ అర్బే. ఆ వేగగాని తూటాలలో ఎక్కువభాగం గురి తప్పినవి. అతని పేరు పట్టికలో ఎక్కడో అడుగున పడింది. వేగం వ్యర్థమని దీని అర్థం కాదు. లెస్టాండర్ నిలబడి నీళ్లు తాగినవాడు కాడు, అతడూ ఇరవై కిలోమీటర్లు చెమటోడ్చినవాడే. ఆగవలసినచోట ఆగనేరని వేగానికి విలువ లేదన్నదే దీని అర్థం.

నార్వే దేశపు పోలీసు ఉద్యోగి మాగ్నార్ సోల్‌బర్గ్ చరిత్ర మరింత రుచికరమైనది. 1968లో గ్రెనోబుల్‌లో అతడు ఇరవైకి ఇరవై గురులు కొట్టి స్వర్ణం గెలిచినాడు. అతనికంటె వేగంగా సాగిన సోవియట్ వీరుడు అలెగ్జాండర్ తిఖొనోవ్ రెండు గురులు తప్పి రెండవస్థానంతో తృప్తిపడవలసివచ్చింది. నాలుగేండ్ల తరువాత 1972లో సప్పొరోలో మంచుతుఫాను వలన పందెం మధ్యలో ఆగిపోయి మరునాడు మరల జరిగింది. ముప్పదియైదేండ్ల సోల్‌బర్గ్ ఆనాడు మరల స్వర్ణం అందుకొన్నాడు. ఈయన సాధన గురించి ఒక ముచ్చట చెప్పుకొంటారు. మనసు చెదరకుండా నిలపడం నేర్పడానికి గురువు ఆయనను చీమలపుట్టమీద పడుకోబెట్టి తుపాకి కాల్పించినాడట. ఒంటిమీద చీమలు పాకుతున్నా చూపు మాత్రం గుండ్రం మీదనే ఉండాలి. పుట్ట కప్పినా చలించని వాల్మీకి కథ విని పెరిగిన తెలుగు విద్యార్థికి ఈ ముచ్చట పరాయిదిగా తోచదు. ఏ దేశమైనా ఏకాగ్రతకు దారి ఒకటే గాబోలు.

ఇక ఈ క్రీడలో పేరెన్నికగన్నవాడు ఓలే ఐనార్ బ్యోర్న్‌డాలెన్. 1974లో నార్వేలో పుట్టి, సిమోస్ట్రాండా అనే చిన్న పల్లెలో రైతు కుటుంబంలో పెరిగినాడు. ఇరవై ఏండ్ల వయస్సులో, 1994లో, తన స్వదేశంలోనే లిల్లేహామర్‌లో జరిగిన ఒలింపిక్స్‌లో పాల్గొని ఒక్క పతకమూ లేకుండా తిరిగివచ్చినాడు. సొంత జనం ఎదుట వట్టిచేతులతో నిలవడం ఆ వయస్సుకు చిన్న దెబ్బ కాదు. 1998లో నగానోలో అతడు పాల్గొన్న పందెం వాతావరణం చెడి మధ్యలో నిలిచిపోయింది. మరునాడు మరల పరుగెత్తి తొలి స్వర్ణం గెలిచినాడు. 2002లో సాల్ట్‌లేక్ సిటీలో తాను దిగిన నాలుగు పందెాలలోనూ స్వర్ణాలే. 2006లో టురిన్‌లో రెండు రజతాలు, ఒక కాంస్యం వచ్చినవి గాని స్వర్ణం ఒక్కటీ రాలేదు. ఇక ఇతని పని అయిపోయిందని అనుకోవడానికి అది తగిన సమయమే. కాని 2010లో వాంకూవర్‌లో జట్టుతో కలిసి మరల స్వర్ణం. 2014లో సోచిలో, నలభై ఏండ్ల వయస్సులో, ఒక గురి తప్పి శిక్షావలయం చుట్టి కూడా 1.3 సెకన్ల తేడాతో పది కిలోమీటర్ల పందెం గెలిచినాడు. మరికొన్ని రోజులకు జట్టు పందెంలో ఇంకొక స్వర్ణం. ఆరు ఒలింపిక్స్‌లలో మొత్తం పదమూడు పతకాలు, అందులో స్వర్ణాలు ఎనిమిది.

ఈ లెక్కలు పిల్లలకు ఉత్సాహం కలిగించవచ్చును. పెద్దలు చూడవలసినవి లెక్కల వెనుక ఉన్న సంగతులు. ఇతడు జబ్బుపడితే సాధన చెడుతుందని, ఏ ఊరికి పోయినా ధూళిని పీల్చే యంత్రాన్ని వెంట తీసుకొనిపోయి బస గదిని తానే శుభ్రం చేసుకొనేవాడు. ఇతని మనోబలానికి శిక్షణ ఇచ్చినవాడు గొప్ప పట్టాలున్న శాస్త్రజ్ఞుడు కాడు. అటువంటి ధూళియంత్రాలు ఇంటింటికీ తిరిగి అమ్మిన మనిషి. తలుపు తట్టిన ప్రతిచోటా కాదనిపించుకొని కూడా తరువాతి తలుపు తట్టడం అలవాటైనవానికి మనసు నిలుపుకొనే విద్య తెలియకుండా ఎట్లా ఉంటుంది? ఆ విద్యను ఎవరి దగ్గర నేర్చుకోవాలో తెలుసుకోవడమే శిష్యుని వివేకం. చివరకు 2018 ఒలింపిక్ జట్టులో అతనికి స్థానం దొరకలేదు. ఆ ఏటి ఏప్రిల్‌లో, గుండె లయ తప్పుతున్నదని చెప్పి, ఆట నుండి విరమించుకొన్నాడు. జీవితమంతా గుండెను అదుపులో పెట్టిన మనిషి గుండె చెప్పిన మాట విని ఆగినాడు. తరువాత 2019 నుండి, తనవలెనే ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన భార్య దార్యా దొమ్రాచెవాతో కలిసి చైనా జట్టుకు శిక్షకుడైనాడు. ఆటగాడు ముగిసినచోట గురువు మొదలైనాడు.

ఈ చరిత్ర నుండి ముఖ్యంగా గ్రహించవలసినవి రెండు. మొదటిది, ఒక క్రీడాజీవితానికి ఎంత కాలం పడుతుందో చూడాలి. తొలి ఓటమికీ చివరి స్వర్ణానికీ నడుమ ఇరవై ఏండ్లు. ఆ ఇరవై ఏండ్లూ ఒక పల్లె, ఒక బడి, ఒక సంఘం, ఒక ప్రభుత్వం అతనిని నమ్మి నిలిచినవి. రెండవది శిక్షావలయం. ఇది ఆటలోని ఒక చిన్న నియమం వలె కనబడుతుంది గాని, విద్యాశాస్త్రంలో పెద్ద సూత్రం. గురి తప్పినవానిని ఎవరూ తిట్టరు, పందెం నుండి వెళ్లగొట్టరు, వాని పేరుమీద మచ్చ వేయరు. తప్పుకు కొలత ఉన్నది: 150 మీటర్లు. ఆ దూరం తన కాళ్లతో తాను పరుగెత్తితే తప్పు తీరింది. పందెం మిగిలే ఉన్నది. సోచిలో బ్యోర్న్‌డాలెన్ గెలిచింది ఆ వలయం చుట్టివచ్చిన తరువాతనే. తెలుగునాట పరీక్ష తప్పిన పిల్లవానికి ఎన్ని మీటర్ల శిక్ష? ఆ కొలత ఎవరూ నిర్ణయించలేదు గనుక వాడు దానిని జీవితమంతా చుట్టుతూనే ఉంటాడు. ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన రోజులలో పత్రికలు తెరవడానికి తల్లిదండ్రులు భయపడే స్థితి ఎందుకు వచ్చిందో ఇక్కడ ఆలోచించాలి. తప్పుకు హద్దు చెప్పని విద్య, తప్పినవానికి దారి చూపని విద్య, ఎన్ని ర్యాంకులు తెచ్చినా లోపమున్న విద్యే.

ఇదంతా మంచుదేశాల మాట, ఈ సీమకు ఎట్లా అన్వయిస్తుందని ప్రశ్న రావచ్చును. అన్వయిస్తుంది. నార్వే సరిహద్దు బంటుకు ఉన్నట్లే ఈ సీమకూ ఒకప్పుడు కాపలాబంటు ఉండేవాడు. పాలెగాండ్ర నాళ్లలో ఊళ్లకూ దారులకూ కావలి కాసిన కట్టుబడి బంట్రోతులకు మాన్యాలు ఉండేవి. పరుగూ గురీ వారి వృత్తివిద్యలు. కుంపిణీవారు ఆ మాన్యాలను లాగుకొన్నారు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట తిరుగుబాటుకు నడిచినవారిలో ఈ కట్టుబడివారు అనేకులు. 1847లో కోయిలకుంట్లలో ఆ వీరుని ఉరితో ఆ కథ ముగిసింది. అక్కడ కాపలా విద్య ఆటగా మారి ఒలింపిక్స్ దాకా పోయింది. ఇక్కడ అది వృత్తితోపాటు మట్టిలో కలిసింది. నల్లమలలోని చెంచులు అడవిలో పరుగెత్తి, ఊపిరి బిగబట్టి, విల్లెత్తి వేట సాగించినవారు. ఆ విద్యను ఆటగా మలచి బడికి తెచ్చినవారు లేరు. ఇక చెడుగుడు మాటేమి? ఒక్క ఊపిరిమీద కూత పెట్టుకొంటూ ఎదిరి బరిలోకి దూకి, ఊపిరి తెగకముందే గీత చేరడమే గదా ఆ ఆట! ఊపిరిని అదుపుచేసే విద్య ఈ నేలకు కొత్త కాదు. కొత్తగా కావలసినది దానిని గౌరవించే దృష్టి.

మంచు లేదన్న ఆక్షేపణ గట్టిది కాదు. మంచుదేశాలవారే వేసవిలో చక్రాల స్కీలమీద తారురోడ్లపై సాధన చేస్తారు. ఆధునిక పెంటాథ్లాన్ అనే మరొక ఒలింపిక్ క్రీడలో, 2012 లండన్ ఒలింపిక్స్ నుండి, మామూలు నేలమీద పరుగెత్తి వచ్చి వెలుగుపుంజంతో పనిచేసే పిస్తోలుతో గురికొట్టి మరల పరుగెత్తే భాగం ఉన్నది. దానికి మంచూ అక్కరలేదు, తూటా కూడా అక్కరలేదు. పరుగెత్తడానికి నేల కావాలి. ఈ సీమలో నేలకు కొరత లేదు. అసలు ఆ ఆటనే తెచ్చి ఇక్కడ నాటాలని ఎవరూ పట్టుపట్టనక్కరలేదు. పరుగెత్తించి, ఆపి, ఊపిరి నిలిపించి, ఒక చిన్న గురిమీద మనసు పెట్టించే అభ్యాసం ఏదైనా చాలును. గోలీని గోలీతో కొట్టే పిల్లవానికి గురి తెలుసు. వానిని బడి చుట్టూ రెండుసార్లు పరుగెత్తించి ఆ తరువాత కొట్టమంటే ఆ గురి విలువ తెలుస్తుంది.

రెండవ ఆక్షేపణ సున్నితమైనది. ఈ సీమలో తుపాకి అన్న మాట వినగానే కొందరి మనసులలో ఆట మెదలదు. కక్షలూ, వాటిలో మగదిక్కు పోగొట్టుకొన్న ఇండ్లూ మెదలుతవి. ముఠాకక్షల కాలాన్ని కన్నులారా చూచిన తల్లులు ఇంకా ఉన్నారు. అటువంటిచోట బడిపిల్లల చేతికి గురిసాధనం ఇవ్వడం మంచిదా? ఈ అనుమానాన్ని కొట్టివేయరాదు. కాని కక్షగానికీ క్రీడాకారునికీ ఉన్న భేదం కూడా చూడాలి. కక్షగాడు గుండె మండినప్పుడు చెయ్యెత్తుతాడు. బయథ్లాన్ ఆటగాడు గుండె చల్లబడేదాకా మీట ముట్టడు. గురిస్థలంలో నియమం తప్పినవానిని తక్షణమే పోటీ నుండి తొలగిస్తారు. ఆవేశం వచ్చిన క్షణంలో ఆగడమే ఈ విద్యలో మొదటి పాఠం. ఆ పాఠం అవసరం ఈ సీమకంటె మరెవరికి ఎక్కువ? 1948లో ఏర్పడిన ఎన్.సి.సి. దేశమంతటా విద్యార్థులకు గురికొట్టడం నేర్పుతూనే ఉన్నది. వారు నేర్పేది పైన చెప్పిన ఆ .22 రైఫిలుతోనే. కర్నూలు, కడప పట్టణాల కళాశాలలలో ఖాకీ తొడిగిన పిల్లలు ఎందరో దానిని చేతబట్టినవారే. నార్వే వీరునికీ ఈ సీమ క్యాడెట్‌కూ సాధనం ఒక్కటే కొలత. కొరత ఉన్నది సాధనలో.

మూడవ ఆక్షేపణ అన్నిటికంటె బరువైనది: తిండికీ నీటికీ ఇబ్బంది ఉన్నచోట ఆటల మాట ఎందుకని. కర్నూలు జిల్లా పడమటి భాగంలో, కోసిగి, మంత్రాలయం, ఆలూరు ప్రాంతాలలో, పైరు చేతికి రాని ఏడు కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి పోతవి. గుంటూరు వైపు మిరపకోతలకు పోయే బండిలో మూటలతోపాటు పిల్లలూ ఎక్కుతారు. నిన్నటిదాకా బడి మైదానంలో అందరికంటె ముందు పరుగెత్తిన అమ్మాయి నేడు పరాయి ఊరి చేనులో తమ్ముని ఎత్తుకొని గట్టున కూర్చుంటుంది. తిరిగివచ్చేసరికి పరీక్షలు ముగిసి ఉంటవి; మరుసటి ఏడు ఆమె బడికే రాకపోవచ్చును. బ్యోర్న్‌డాలెన్ ఇరవై ఏండ్లు ఒక్క ఆటమీద నిలిచినాడంటే ఇరవై ఏండ్లు అతని ఇంటి పొయ్యి ఆరలేదని కూడా అర్థం. ఏడాదికి నాలుగు నెలలు ఊరు విడిచే బిడ్డకు నాలుగేండ్ల సాధన ఎట్లా సాగుతుంది? కాబట్టి ఈ సీమలో క్రీడను గురించి మాట్లాడదలచినవారు నీటిని గురించి, కూలిని గురించి, వలసపోయే కుటుంబాల పిల్లలను ఊళ్లో నిలిపే వసతిగృహాలను గురించి కూడా మాట్లాడవలసినదే. వాటిని విడిచి పతకాల మాట మాత్రమే మాట్లాడడం వేరును మరచి కొమ్మకు నీరు పోసినట్లు.

అయితే కరవు తీరేదాకా ఆట వద్దనడం కూడా న్యాయం కాదు. కరవు తీరేదాకా పద్యం వద్దని, పాట వద్దని ఈ సీమ ఏనాడూ అనలేదు. ఆకలి ఉన్నచోట పాట పుట్టినట్లే ఆటా పుడుతుంది. పుట్టినదానిని నిలబెట్టడమే పెద్దల పని. నిలబెట్టితే ఏమవుతుందో కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె గ్రామపు అమ్మాయి శ్రీచరణి చూపించింది. పరుగు, ఖోఖో వంటి ఆటలు ఆడుతూ పెరిగి, పదహారేండ్ల ప్రాయంలో గాని క్రికెట్టును గట్టిగా పట్టుకోని ఆ పల్లె పిల్ల, 2025 నవంబరు 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికాను ఓడించి ప్రపంచకప్పు గెలిచిన భారత స్త్రీల జట్టులో ఉన్నది. గురి విద్యలోనూ తెలుగునేల వెనుకబడలేదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చినాడు. ఆ నగరానికే చెందిన ఈషా సింగ్, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో పిస్తోలు గురిలో నాలుగు పతకాలు గెలిచింది. పరుగు పల్లెలలో ఉన్నది. గురి పట్టణాల శిక్షణశాలలలో ఉన్నది. రెండింటినీ ఒకచోట చేర్చే వంతెన మాత్రం లేదు.

ఆ వంతెన బడి కావాలి. కాని నేటి బడి ఏమి చేస్తున్నది? కాలపట్టికలో ఆటల పీరియడు ఉంటుంది. ఆ గంటలో గణితమో ఆంగ్లమో సాగుతుంది. పదవ తరగతికి వచ్చేసరికి ఆ పీరియడు కాగితం మీద కూడా మిగలదు. ఎన్నో ప్రైవేటు బడులకు మైదానమే లేదు. మేడమీద గదులు, గదులలో బల్లలు, బల్లలమీద పుస్తకాలు. మైదానమున్న ప్రభుత్వ పాఠశాలలలో కొన్నిటికి డ్రిల్లు మాస్టరు లేడు. ఉన్నచోట ఆయనకు జెండాపండుగ నాటి వరుసలు దిద్దడం, సమావేశాలకు కుర్చీలు వేయించడం వంటి పనులే ఎక్కువ. కడప దగ్గర పుట్లంపల్లిలో ప్రభుత్వ క్రీడాపాఠశాల ఒకటి ఉన్నది, మంచిదే. కాని ఏరి తెచ్చిన కొద్దిమందికి ఒక బడి ఉండడం వేరు, అన్ని బడులలోనూ ఆట ఉండడం వేరు. నారుమడి ఒక్కటే పచ్చగా ఉంటే పంట పండినట్లు కాదు. నార్వేలో ప్రతి పల్లె బిడ్డ స్కీలమీద నడక నేర్చుకొంటుంది. ఆ వేలమందిలో నుండి ఒక బ్యోర్న్‌డాలెన్ వస్తాడు. మిగిలినవారు పతకాలు గెలవరు. ఆరోగ్యమూ ఓర్పూ గెలుస్తారు. అవి వారికి చాలును, దేశానికీ చాలును.

ఇక్కడ ఇంకొక జబ్బును కూడా చెప్పుకోవాలి. ఆటను ఉద్యోగపు సర్టిఫికెట్టుగా మాత్రమే చూచే జబ్బు అది. క్రీడాకారుల కోటాలో సీటు వస్తుందా, కొలువు దొరుకుతుందా అని లెక్క వేసి పిల్లవానిని మైదానానికి పంపే తండ్రి, ఆ రెండూ దొరకవని తోచిన మరునాడు వానిని మైదానం నుండి ఈడ్చుకొనిపోతాడు. ఆ తండ్రిని నిందించి లాభం లేదు. బీదరికం లెక్కలు నేర్పుతుంది. ఉపాధ్యాయుడైనా ఆ లెక్కకు అవతల ఉన్నదానిని చూడగలగాలి. సోల్‌బర్గ్ స్వర్ణాలు గెలిచిన తరువాత కూడా పోలీసు ఉద్యోగే. ఆట అతనికి జీవనోపాధి కాదు, జీవనశిక్షణ.

చేయదగిన పనులు పెద్దవేమీ కావు. ఆటల పీరియడును ఏ పాఠమూ తినివేయకుండా ప్రధానోపాధ్యాయుడు కాపాడగలడు. ఈ సీమ ఎండకు మధ్యాహ్నపు పరుగు పనికిరాదు. ఉదయపు ప్రార్థనకు ముందే అరగంట పరుగెత్తించవచ్చును, పరుగు తరువాత తాగడానికి మంచినీరు సిద్ధంగా ఉంచవచ్చును. పరుగు ముగిసిన వెంటనే పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, తమ నాడి తామే పట్టుకొని లెక్కపెట్టుకొనమని చెప్పవచ్చును. ఎంతసేపటికి నాడి నెమ్మదిస్తున్నదో ప్రతి బిడ్డా తన నోటుపుస్తకంలో వ్రాసుకొంటే అది జీవశాస్త్రమూ అవుతుంది, గణితమూ అవుతుంది. ఆ ఎగసే ఊపిరితోనే ఒక పద్యం తప్పులేకుండా చెప్పించవచ్చును, లేదా ఒక గుండ్రంలోకి బంతి విసిరించవచ్చును. తప్పినవానికి మైదానం చుట్టూ ఒక చిన్న వలయం. చుట్టివచ్చిన తరువాత మరల అవకాశం. ఖర్చు లేని ఈ అభ్యాసంలో బయథ్లాన్ సారమంతా ఉన్నది. నెలకొకసారి పక్క ఊరి బడితో కలిపి జరిపితే పల్లెకు పండుగ కూడా అవుతుంది. ఇందులో ముందున్నవారిని గుర్తించి క్రీడాపాఠశాలకో, ఎన్.సి.సి. దళానికో అప్పగించే బాధ్యత అటుపైన ప్రభుత్వానిది.

విద్యార్థులు గమనించవలసినది ఒక్కటి మిగిలింది. వేగాన్ని మెచ్చే కాలం ఇది. తొందరగా చదవాలి, తొందరగా పరీక్ష దాటాలి, తొందరగా కొలువు దొరకాలి, తొందరగా ఊరు వదలాలి. ఆ పరుగు తప్పదు. కరవునేల బిడ్డకు అసలే తప్పదు. కాని పరుగు మధ్యలో గురిస్థలం ఒకటి ప్రతివారికీ ఎదురవుతుంది. అది పరీక్ష కావచ్చును, కోపం వచ్చిన క్షణం కావచ్చును, ఓటమి తెలిసిన సాయంకాలం కావచ్చును. అక్కడ ఎగసే గుండెతో మీట నొక్కినవాడు ఎంత వేగగాడైనా అర్బే వలె అడుగున పడతాడు. రెండు ఊపిరులు ఆగినవానికి గురి దొరుకుతుంది. దొరకకపోయినా భయం లేదు. వలయం 150 మీటర్లే, దానికి అవతల దారి ఉన్నది. ఈ సంగతి పిల్లలకు చెప్పగల గురువు ఒక్కడున్న బడి, మంచు లేకపోయినా, తుపాకి లేకపోయినా, మైదానంలో గడ్డిపరక మొలవకపోయినా, మంచి బడి.